గ్విన్నెట్ ఐదుసార్లు కాదన్న తర్వాత

2024 నవంబరు 5న అమెరికా అధ్యక్ష ఎన్నికతోపాటు, జార్జియా రాష్ట్రంలో అట్లాంటా శివారైన మా గ్విన్నెట్ కౌంటీ బ్యాలెట్‌లో ఒక స్థానిక ప్రశ్న కూడా ఉంది. బస్సులు, వ్యాన్లు, వాటికి కావలసిన స్టాపులు, దారుల కోసం ముప్పై ఏళ్లపాటు ఒక శాతం అదనపు సేల్స్ టాక్స్ కట్టడానికి మీకు సమ్మతమేనా అన్నది ఆ ప్రశ్న. ఓటు వేసినవారిలో నూటికి యాభైముగ్గురికి పైగా సమ్మతం కాదన్నారు. 1971, 1990, 2019, 2020 సంవత్సరాల తర్వాత ప్రజా రవాణా ప్రతిపాదనను ఈ కౌంటీ తిరస్కరించడం ఇది ఐదోసారి.

ఆ నెలలోనే తెలుగువాళ్లం కలుసుకున్న ఒక కార్తీక వనభోజనంలో ఈ ప్రస్తావన వచ్చింది. “మనలో బస్సెక్కేవాళ్లు ఎవరున్నారండీ? ఇంటికి మూడేసి కార్లున్నాయి. ఎక్కనివాళ్లం పన్ను ఎందుకు కట్టాలి?” అని ఒక పెద్దాయన అడిగారు. చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది తలూపారు. నేను ఆ ప్రతిపాదనకు అనుకూలంగా ఓటు వేసినదాన్ని, ఆయనకు నాకు తోచిన సమాధానం చెప్పాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆయన ప్రశ్న కంటే ఇంకొక ప్రశ్న నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఎక్కని వాళ్లను ఒప్పించడానికే కదా కౌంటీ ఈ ప్రణాళికను అలా రాసింది, మరి వాళ్లు ఎందుకు ఒప్పుకోలేదు? చాలా రోజులు ఆలోచించి ఒక అభిప్రాయానికి వచ్చాను. ప్రతి ఇంటికీ ఏదో ఒకటి ఇస్తామన్న ప్రణాళిక ఎవరికీ నమ్మదగ్గదిగా కనిపించదు. గ్విన్నెట్ లాంటి శివారు కౌంటీ మొదట చేయవలసిన పని కొన్ని దారులను ఎంచుకుని, వాటి మీద పదిహేను నిమిషాలకొక బస్సును తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు, వారంలో ఏడు రోజులూ నడపడం. మిగిలినవన్నీ ఆ తర్వాత.

ఐదు ఓట్ల వెనక

అట్లాంటాలో రైళ్లు, బస్సులు నడిపే మార్టా సంస్థ ఏర్పాటుకు 1971లో ఓటు జరిగినప్పుడు ఫుల్టన్, డికాల్బ్ కౌంటీలు ఒప్పుకున్నాయి, క్లేటన్, గ్విన్నెట్ కాదన్నాయి. అప్పటి గ్విన్నెట్ జనాభా 72 వేల చిల్లర, అందులో నూటికి తొంభైమందికి పైగా శ్వేతజాతీయులు. నల్లజాతివారు నగరం నుంచి రైలెక్కి తమ పేటలకు వస్తారన్న భయం ఆ ఓటులో ఎంత బలంగా పనిచేసిందో ఈ ప్రాంత చరిత్ర రాసినవారు చాలామంది చెప్పారు. 1990లో మళ్లీ అడిగితే మళ్లీ తిరస్కారమే వచ్చింది. ఆ రెండు ఓట్ల గురించి నాకు సందేహం లేదు.

తర్వాతి మూడింటిని కూడా అదే ఖాతాలో వేసే అలవాటు మా ఉదారవాద మిత్రుల్లో ఉంది. దాన్ని నేను అంగీకరించలేను. 2020 జనాభా లెక్కల ప్రకారం గ్విన్నెట్‌లో 9,57,062 మంది ఉన్నారు, ఏ ఒక్క జాతికీ ఇక్కడ ఇప్పుడు మెజారిటీ లేదు. కొరియన్లు, వియత్నామీయులు, మెక్సికన్లు, నైజీరియన్లు, గుజరాతీలు, మనం, అందరం ఉన్నాం. 2019 మార్చిలో మార్టాలో చేరి రైలును కౌంటీలోకి తెద్దామన్న ప్రతిపాదన ప్రత్యేక ఎన్నికలో ఓడింది. 2020 నవంబరులో కౌంటీ తానే నడుపుకునే పథకం పెడితే, సుమారు నాలుగు లక్షల ఓట్లలో దాదాపు వెయ్యి తేడాతో ఓడింది. అంటే గెలుపు అంచు వరకు వెళ్లింది. నాలుగేళ్ల తర్వాత జనంలో వైవిధ్యం ఇంకా పెరిగింది, రోడ్ల మీద రద్దీ పెరిగింది, కౌంటీ కమిషన్ మద్దతు ఉంది. అయినా తేడా తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. పాత భయాలు దీనికి కారణమని చెప్పి ఊరుకుంటే, మధ్యలో మారిన ప్రణాళికను మనం చూడటం మానేసినట్టే.

ఇన్నిసార్లు ఓటుకు ఎందుకు వెళ్లవలసి వస్తుందో కూడా చెప్పాలి. జార్జియా రాజ్యాంగం పెట్రోలు మీద వచ్చే రాష్ట్ర పన్నును రోడ్లకు, వంతెనలకు మాత్రమే ఖర్చు పెట్టమంటుంది. బస్సుకు అందులో చిల్లిగవ్వ రాదు. కొత్త ఫ్రీవే లేనుకు మా అనుమతి ఎవరూ అడగరు, బస్సుకు మాత్రం ప్రతిసారీ అడుగుతారు. ఈ అసమానత అన్యాయమని నా నమ్మకం. కానీ ఆ నిబంధన మారేదాకా ఓటరును ఒప్పించక తప్పదు.

ఇంటి ముందుకు వచ్చే వ్యాను

2024 ప్రణాళిక ముప్పై ఏళ్లలో దాదాపు 1,700 కోట్ల డాలర్ల ఖర్చుతో 75 ప్రాజెక్టులను చూపించింది. రైలు లేదు. దానికి బదులు ప్రచారంలో అందరికంటే ముందు నిలబెట్టింది కౌంటీ అంతటా మైక్రోట్రాన్సిట్. ఫోనులో యాప్ తెరిచో, నంబరుకు ఫోను చేసో అడిగితే చిన్న వ్యాను మీ వీధి చివరకు వచ్చి, మీ ప్రాంతానికి గీసిన జోన్ పరిధిలో ఎక్కడికైనా తీసుకెళుతుంది. మొదట స్నెల్‌విల్‌లో ప్రయోగంగా నడిపి, తర్వాత కొన్ని ప్రాంతాలకు విస్తరించారు. వాడినవాళ్లకు అది నచ్చింది. నచ్చకపోవడానికి కారణం కూడా లేదు, తక్కువ ఖర్చుతో ఇంటి దగ్గరకు బండి రావడం మంచిదే.

చిక్కు ఎక్కడుందంటే, ఈ సేవ ఎంత బాగా నడిస్తే అంత త్వరగా చేతులెత్తేస్తుంది. ఒకరిని ఒక వీధిలో ఎక్కించుకుని, ఇంకొకరి కోసం మరో కాలనీలోకి తిరిగి, ఇద్దరినీ వేర్వేరు చోట్ల దింపే వ్యాను గంటకు ముగ్గురు నలుగురిని మించి చేరవేయడం కష్టం. ఎన్ని దేశాల్లో, ఎన్ని కంపెనీల సాఫ్ట్‌వేరుతో ప్రయత్నించినా ఈ లెక్క పెద్దగా మారలేదు, ఎందుకంటే అది కంప్యూటరుకు సంబంధించినది కాదు, ఇళ్ల మధ్య దూరానికి సంబంధించినది. ఉదాహరణకు డ్రైవరు జీతం, బండి, నిర్వహణ కలిపి గంటకు వంద డాలర్లు అవుతుందనుకుందాం. గంటకు నలుగురు ఎక్కితే మనిషికి ఇరవై అయిదు డాలర్లు. అదే వంద డాలర్లతో ప్రధాన రహదారి మీద నడిచే బస్సులో గంటకు ఇరవైమంది ఎక్కితే మనిషికి అయిదు. ఇరవై కాస్తా ముప్పై అయితే బస్సు ఖర్చు మనిషికి ఇంకా తగ్గుతుంది. వ్యాను విషయంలో ఇరవైమందికి అయిదు వ్యాన్లు, అయిదుగురు డ్రైవర్లు కావాలి. డబ్బు చాలకపోతే ఎదురుచూపు పెరుగుతుంది, పెరిగితే ఉద్యోగానికి సమయానికి చేరాలనుకునేవాడు దాన్ని వదులుకుంటాడు.

ఇక్కడ ఎదుటి వాదన కూడా బలమైనదే. గ్విన్నెట్‌లో చదరపు కిలోమీటరుకు సగటున 860 మంది మాత్రమే. డాక్యులా వైపు వెళితే కల్-డి-సాక్ (ఒక చివర మూసుకుపోయిన) వీధులు మెలికలు తిరిగి ఒకే ఒక్క చోట ప్రధాన రోడ్డును కలుస్తాయి. అక్కడ బస్సు నడిపితే ఖాళీగానే తిరుగుతుంది, వ్యాను తప్ప దారి లేదు. నిజమే. వీల్‌చైరులో ఉన్నవాళ్లకు, డయాలసిస్‌కు వెళ్లే ముసలివాళ్లకు అది ఎప్పుడూ ఉండాలి. ఆ అవసరాన్ని నేను తోసిపుచ్చడం లేదు. నా అభ్యంతరం దాన్ని మొదటి హామీగా, అందరికీ అందే హామీగా చూపించడం మీద. మూడు కార్లున్న కుటుంబం ఆ వ్యాను ఎక్కదు, పన్ను మాత్రం కడుతుంది. రోజూ బస్సెక్కే కుటుంబానికి తన రూటులో బస్సు ఇక ముందు ఎంత తరచుగా వస్తుందో 75 ప్రాజెక్టుల జాబితాలో వెతికి పట్టుకోవడమే కష్టమైంది. ఇద్దరిలో ఎవరికీ తమ జీవితంలో మారేదేమిటో స్పష్టంగా కనబడలేదు.

మామయ్యగారి లెక్క

ఈ విషయంలో నా ఆలోచనను మార్చినవారు మా మామయ్యగారు. గుంటూరు జిల్లాలో ఒక ఆర్టీసీ డిపోలో ట్రాఫిక్ కంట్రోలరుగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మా దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చిన కొద్ది రోజులకే “ఇక్కడ బస్సులు ఎక్కణ్ణుంచి బయల్దేరతాయమ్మా?” అని అడిగారు. ఊళ్లో ఆయన, అత్తయ్యగారు ఎవరి సాయమూ లేకుండా తెనాలి వెళ్లి డాక్టరును చూసుకుని, గుంటూరులో పెళ్లికి వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. ఇక్కడ కూరగాయల దుకాణానికి వెళ్లాలన్నా మా ఆయన మీటింగు ఎప్పుడు అయిపోతుందా అని కూర్చోవలసి వచ్చింది. అత్తయ్యగారు మొదటి నెల తర్వాత అడగడమే మానేశారు. వనభోజనంలో ఆ పెద్దాయన చెప్పిన మూడు కార్ల ఇళ్లలో కారు లేని మనుషులు ఇలా చాలామందే ఉన్నారు. ఆరు నెలలకు వచ్చే తల్లిదండ్రులు, హెచ్4 (డిపెండెంటు) వీసా మీద కొత్తగా దిగిన కోడళ్లు, పదిహేనేళ్ల పిల్లలు. వారి ప్రయాణాలన్నీ కారు నడిపేవారి సాయంత్రాల్లోంచి, శనివారాల్లోంచి తీసుకున్నవే, కాకపోతే వాటిని మనం రవాణా ఖర్చుగా ఎక్కడా రాసుకోము.

మామయ్యగారు బస్సుల టైము పట్టికలను కౌంటీ సైటులోంచి ప్రింటు తీయించుకుని, కళ్లజోడు పెట్టుకుని రోజంతా చదివారు. ఆయన చూసింది రంగుల మ్యాపును కాదు, రెండు బండ్ల మధ్య ఎంత ఎడం ఉందో, ఆఖరి బండి ఎన్నింటికో. “గంటకో బండి ఉన్న రూటుకు జనం టైము చూసుకుని వస్తారమ్మా. పది నిమిషాలకో బండి ఉన్న రూటుకు పని చూసుకుని వస్తారు” అన్నారు. తర్వాత తన ఉద్యోగంలో పదేపదే చూసిన సంగతి ఒకటి చెప్పారు. నష్టాలు వచ్చినప్పుడల్లా పైనుంచి ఓఆర్ (బండిలో సీట్లు నూటికి ఎన్ని నిండాయన్న లెక్క) పెంచమని ఒత్తిడి వస్తుంది. ట్రిప్పులు తగ్గిస్తే ఉన్న బండ్లు నిండుతాయి, మొదటి నెల ఓఆర్ పెరిగినట్టే కనిపిస్తుంది. ఆ తర్వాత జనం షేరు ఆటోలకు అలవాటుపడతారు, ఉన్న బండ్లు కూడా ఖాళీ అవుతాయి. “ఆఖరి బండిలో పదిమందే ఉంటారు, దాన్ని తీసేద్దామంటారు. అది ఉందన్న ధైర్యంతోనే పొద్దున బండ్లలో యాభైమంది ఎక్కుతున్నారని కాగితం మీద కనపడదు.”

ఆయన మాట తర్వాత నేను ఒక చిన్న లెక్క వేసుకున్నాను. ఒక రూటులో పోయి రావడానికి రెండు గంటలు పడుతుందనుకుంటే, గంటకొక బస్సు నడపడానికి రెండు బస్సులు చాలు. పదిహేను నిమిషాలకొకటి కావాలంటే ఎనిమిది కావాలి. నాలుగు రెట్ల ఖర్చు. అందుకే కౌంటీలు ఉన్న కొద్దిపాటి బస్సులను మ్యాపు అంతటా పలచగా పరుస్తాయి, ప్రతి కమిషనరూ తన డిస్ట్రిక్టులో ఒక గీత చూపించుకోవచ్చు. అయితే ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే గంటకొక బస్సులో సగటున అరగంట నిరీక్షణ, మధ్యలో బస్సు మారితే ఇంకో అరగంట. ఇరవై నిమిషాల కారు ప్రయాణం గంటన్నర అవుతుంది. గీత ఉంది, బస్సు కూడా ఉంది, కాని వేరే గతి ఉన్నవాళ్లెవరూ దాన్ని ఎక్కరు.

ఒక భారతీయ హోటల్లో వంటచేసే కుర్రాణ్ణి ఒకసారి అడిగితే, తను పని ముగించే వేళకు బస్సులుండవు కాబట్టి హోటలుకు నడిచి వెళ్లేంత దూరంలోనే నలుగురితో కలిసి గది తీసుకున్నానని చెప్పాడు. ఇంకో చోట గంటకు మూడు డాలర్లు ఎక్కువ ఇస్తామన్నారట, రాత్రి తిరిగి వచ్చే దారి లేక వెళ్లలేదు. అతని ప్రయాణం ఏ సర్వేలోనూ లెక్కకు రాదు, ఎందుకంటే అతను ప్రయాణం చేయలేదు.

బ్రాంప్టన్ ఏం చేసింది

మామయ్యగారి అనుభవం కార్లు లేని జనం మధ్యది, ఇక్కడ అది పనికి రాదని మా ఆయన అన్నారు. న్యాయమైన ఆక్షేపణే. అందుకే కార్లున్న శివారును వెతికాను. టొరంటో పక్కన పీల్ ప్రాంతంలోని బ్రాంప్టన్ చూడటానికి మా ఊళ్లలాగే ఉంటుంది. విడివిడి ఇళ్లు, రెండేసి కార్ల గరాజులు, వెడల్పాటి రోడ్లు, స్ట్రిప్ మాల్స్. అక్కడ 2010లో ప్రధాన రహదారుల మీద జూమ్ అన్న పేరుతో తరచుగా నడిచే బస్సులను మొదలుపెట్టి, ఏటేటా పెంచుకుంటూ పోయారు. పెద్ద నిర్మాణాలేమీ లేవు, ప్రత్యేక లేన్లు కూడా దాదాపు లేవు. ఆరున్నర లక్షల జనాభా ఉన్న ఆ ఊళ్లో 2019 నాటికి ఏడాదికి మూడు కోట్లకు పైగా ప్రయాణాలు జరిగాయి. అంతకంటే మూడు లక్షల జనాభా ఎక్కువ ఉన్న గ్విన్నెట్ దీని దరిదాపుల్లో కూడా లేదు.

బ్రాంప్టన్ జనసాంద్రత మా కౌంటీకి దాదాపు మూడు రెట్లు. విదేశీ విద్యార్థులు కూడా అక్కడ చాలా ఎక్కువ. కాబట్టి ఆ నమూనా కౌంటీ మొత్తానికి సరిపోతుందని అనను. కానీ గ్విన్నెట్ అంతా డాక్యులా కాదు. డోరావిల్ మార్టా స్టేషను 1992 నుంచి కౌంటీ సరిహద్దుకు అవతల దగ్గర్లోనే ఉంది. అక్కడి నుంచి నార్‌క్రాస్, డులూత్ వైపు సాగే బ్యూఫర్డ్ హైవే, జిమ్మీ కార్టర్ బులవార్డ్, ప్లెజెంట్ హిల్ రోడ్, ఇవన్నీ అపార్టుమెంట్లతో, దుకాణాలతో, క్లినిక్కులతో, పదిమంది భాషల బోర్డులతో కిక్కిరిసి ఉంటాయి. వీటిని కలుపుతూ, లారెన్స్‌విల్ దాకా ఒకటి రెండు దారులు కలిపి అయిదు రూట్లు గీస్తే కౌంటీలో కారు లేని కుటుంబాల్లో పెద్ద భాగం వాటికి దగ్గర్లోనే ఉంటుంది.

ఆ దారుల మీద బస్సు కంటే ముందు కావలసినది నడిచే చోటు. ఏడు లేన్ల రోడ్డులో ఒక పక్కన స్టాపు, అవతలి పక్కన అపార్టుమెంటు, సిగ్నలు అరమైలు దూరంలో. మనుషులు అక్కడే దాటుతారు, కొందరు చనిపోతారు. డికాల్బ్ వైపు బ్యూఫర్డ్ హైవే మీద ఎన్నో ఏళ్లు ఎందరో పోయిన తర్వాతే మధ్యలో ఆగడానికి దిమ్మెలు, పాదచారుల సిగ్నళ్లు వచ్చాయి. ప్రతి బస్సు ప్రయాణం మొదలూ చివరా నడకే కాబట్టి, స్టాపు దగ్గర దాటడానికి చోటు లేని రూటు సగం రూటే.

క్లేటన్ ఓటు

1971లో గ్విన్నెట్‌తోపాటు కాదన్న క్లేటన్ కథ మనవాళ్లు తెలుసుకోవలసినది. రివర్‌డేల్‌లోని హిందూ దేవాలయానికి వెళ్లేటప్పుడు మనమంతా ఆ కౌంటీలోకే వెళ్తాం. 2001లో అక్కడ కౌంటీ బస్సులు మొదలయ్యాయి, డబ్బు లేదని 2010 మార్చి 31తో పూర్తిగా ఆపేశారు. దాదాపు అయిదేళ్లు ఆ కౌంటీలో బస్సు లేదు. విమానాశ్రయంలో పనిచేసేవారు రాత్రిళ్లు హైవే అంచున నడిచారు. 2014 నవంబరులో మార్టాలో చేరే ప్రశ్న వచ్చినప్పుడు నూటికి డెబ్బైమూడు మంది అవునన్నారు, మరుసటి మార్చికల్లా బస్సులు రోడ్డెక్కాయి. ఆ పన్నులో సగం పెద్ద ప్రాజెక్టుకోసం అట్టిపెట్టారు. రైలు అనుకున్నది బస్ రాపిడ్ ట్రాన్సిట్‌గా (ప్రత్యేక లేన్లలో వేగంగా నడిచే బస్సుగా) మారి, పదేళ్లు దాటినా ఇంకా నడవడం లేదు. మామూలు బస్సులకు నాలుగు నెలలు చాలాయి.

క్లేటన్ జనం బీదవారు, ఎక్కువమంది నల్లజాతివారు, వారికి బస్సు అవసరం గ్విన్నెట్ కంటే ఎక్కువని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అయినా అక్కడ ఓటరు ముందు ఉన్న ప్రశ్న సూటిగా ఉంది: ఈ రోడ్డు మీద బస్సు ఉండాలా, వద్దా. మాకు అలాంటి ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేయలేదు.

నాకు ఇంకా తెగని సంగతులు

పన్ను విషయంలో నా మనసు ఈనాటికీ కుదుటపడలేదు. జార్జియాలో కిరాణా సరుకుల మీద రాష్ట్ర సేల్స్ టాక్స్ లేదు, స్థానిక టాక్స్ మాత్రం పడుతుంది. అంటే బస్సు కోసం వేసే పన్ను బియ్యం మీద, పాల మీద కూడా పడుతుంది, ఆ వంటకుర్రాడి మీద నా మీద కంటే బరువుగా పడుతుంది. హెచ్1బీ మీద ఉన్న వేలమంది ఆ పన్ను కడతారు, ఓటు మాత్రం ఉండదు. ముప్పై ఏళ్ల గడువు కూడా నాకు అన్యాయంగా తోస్తుంది. ఇప్పుడు పుట్టిన పిల్ల తల్లయ్యేదాకా ఒక ప్రణాళికను మార్చలేని స్థితి మంచిది కాదు. డ్రైవరు లేని టాక్సీలు 2025లో అట్లాంటాలోకి వచ్చాయి, ఇక బస్సెందుకని కొందరు అంటున్నారు. వాటిలో డ్రైవరు ఉండడు గాని, ఒక్కొక్కరికి ఒక్కో కారు రోడ్డు మీద పట్టే చోటు అంతే ఉంటుంది. ఐ-85 ఫ్రీవే మీద సాయంత్రం ఐదింటికి కొరతగా ఉన్నది చోటే.

ఇంకొక లెక్క బస్సుకు వ్యతిరేకంగా పనిచేస్తుంది, దాన్ని దాచకూడదు. రూటు బస్సు నడిచే దారికి ఇరువైపులా ముప్పావు మైలు లోపల వికలాంగులకు ఇంటి నుంచి వాహన సౌకర్యం కల్పించాలని ఫెడరల్ చట్టం చెబుతుంది, అదీ బస్సు నడిచే వేళలన్నిటిలో. రాత్రి పదకొండు దాకా బస్సు నడిపితే ఆ ఖర్చూ రాత్రి పదకొండు దాకా పెరుగుతుంది. ఇది భారమే. అదే సమయంలో ఆదివారం గుడికి, చర్చికి వెళ్లాలనుకునే వీల్‌చైరు మనిషికి చట్టబద్ధమైన హక్కు వచ్చే దారి కూడా ఇదొక్కటే. వ్యాను దొరికితే వస్తుందన్న హామీ కంటే అది ఎంతో గట్టిది.

కాబట్టి ఆరోసారి అడిగేటప్పుడు కౌంటీ పదేళ్ల గడువుతో, అయిదు రూట్లతో, వాటి టైము పట్టికను ఓటుకు ముందే అచ్చువేసి అడగాలని నేను కోరుతున్నాను. కష్టమైన భాగం ఏమిటంటే, ఆ రూట్లు చాలా ఇళ్ల దగ్గరకు రావు. చైర్‌వుమన్, నలుగురు డిస్ట్రిక్టు కమిషనర్లు తమ ఓటర్ల ముందు నిలబడి, మీ వీధికి మొదటి పదేళ్లలో ఏమీ రాదని చెప్పవలసి ఉంటుంది. అంత ధైర్యం వారు ఒక్కరే తెచ్చుకోలేరు, రాని వీధుల్లో ఉన్నవాళ్లం ముందుగా వెళ్లి, మాకు రాకపోయినా సమ్మతమేనని చెప్పాలి. సువానీలో మా వీధి ఆ రూట్లన్నిటికీ దూరంగానే ఉంటుంది. ఈసారి కమిషన్ బహిరంగ విచారణలో మాట్లాడటానికి నేను పేరు నమోదు చేయించుకుంటున్నాను. అక్కడ మాట్లాడటానికి పౌరసత్వం అవసరం లేదు కాబట్టి, వీసా మీద ఉన్నవాళ్లు కూడా రావచ్చు.